మునగాకు రసం గురించి నేను వెనక్కి తీసుకుంటున్న మాట



"వాడ వంటిల్లు" వరసలో ఈ వారం బాలింత కాయం గురించి రాస్తానని చెప్పాను. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, బెల్లం, నువ్వులనూనె. అమ్మ దగ్గర కూర్చుని కొలతలతో సహా రాసుకున్నాను కూడా. అది పక్కన పెడుతున్నా. ముందు ఒక లెక్క తేల్చుకోవాలి. అది మీకూ నాకూ మధ్య ఉన్న లెక్క.

మూడేళ్ళ కిందట ఇక్కడే ఒక పెద్ద పోస్టు పెట్టాను. పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, చాలామంది పంచుకున్నారు. మా అమ్మమ్మ మునగాకు రసం తాగి, పొన్నగంటి కూర తిని, డెబ్బై దాటాక కూడా మామిడితోటలో బుట్టలు మోసిందని రాశాను. ఆస్పత్రి మొహం చూడలేదని రాశాను. చివర్లో ఒక వాక్యం రాశాను. మన తిండే మన మందు, కార్పొరేట్ ఆస్పత్రుల దోపిడీకి మన పెరడే జవాబు అని. రాసినప్పుడు చాలా బాగుందనిపించింది. దళిత కవిత్వంలో తిండి మీద పీహెచ్‌డీ చేసినవాణ్ణి కదా, వాక్యం చెక్కడం వచ్చు.

మా కాలేజీలో సెకండియర్ కుర్రాడొకడు ఉన్నాడు. ఎ.కొండూరు మండలంలోని ఒక తండా వాళ్ళది. ఏ తండానో రాయను. వాళ్ళ నాన్నకి కిడ్నీల జబ్బు. మొన్న సెమిస్టర్ పరీక్షలయ్యాక స్టాఫ్ రూమ్ బయట నిలబడి ఉన్నాడు. లోపలికి రారా అంటే రాలేదు. నేనే బయటికి వెళ్ళాను.

"సార్, మీ పోస్టు చదివి నాన్నకి మునగాకు రసం ఇచ్చాం. రోజూ పొద్దున ఒక గ్లాసు. బోండం నీళ్ళు కూడా. పద్ధెనిమిది రోజులు ఇచ్చాం సార్."

నిందగా అనలేదు, అదే నన్ను ఎక్కువ కోసింది. పంతొమ్మిదో రోజు ఆయన కాళ్ళు పట్టు తప్పాయి, గుండె దడ, ఆయాసం. ఆటోలో, అక్కడినుంచి అంబులెన్సులో విజయవాడ తీసుకెళ్ళారు. రక్తంలో పొటాషియం ఏడు దాటింది. రాత్రికి రాత్రి డయాలసిస్ చేశారు. బతికారు. "ఏం తాగించార్రా" అని డ్యూటీ డాక్టరు అరిస్తే, వీడు ఫోనులో నా పోస్టు తీసి చూపించాడట.

నా పేరు, పేరు ముందు "డా." ఆ అక్షరం చూసి వైద్యుడని వీళ్ళు అనుకోలేదు, నేను తెలుగు చెబుతానని వాళ్ళకి తెలుసు. కానీ సార్ చెప్పాడంటే చదివే చెప్పి ఉంటాడనుకున్నారు. వాళ్ళు అనుకున్నదాంట్లో తప్పేముంది?

బయటి జిల్లాల మిత్రుల కోసం కొంచెం చెప్పాలి. ఎ.కొండూరు అంటే అట్లప్రగడ కొండూరు. మైలవరం నుంచి తిరువూరు వెళ్ళే జాతీయ రహదారి మీద ఉంటుంది. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. మామిడితోటలు, పత్తి, మిరప, చుట్టూ లంబాడీ తండాలు. శ్రీకాకుళం ఉద్దానం పేరు దేశమంతా తెలుసు, మా మండలం పేరు అంతగా తెలియదు. జబ్బు మాత్రం అలాంటిదే. షుగరూ బీపీ లేని కూలి మనిషికి, నలభై ఏళ్ళకే, చప్పుడు చెయ్యకుండా కిడ్నీలు పోతాయి. ఎందుకు పోతాయో ఒక్క ముక్కలో చెప్పగలిగినవాళ్ళు లేరు. బోరు నీళ్ళన్నారు, నీళ్ళలో సిలికా అన్నారు, ఫ్లోరైడ్ అన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే పనన్నారు, నాటుసారా అన్నారు, ఒళ్ళు నొప్పులకి మింగే బిళ్ళలన్నారు. తండాలకి కృష్ణా నీళ్ళు తెమ్మని జనం ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చారు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి పండించేవాళ్ళకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్లలో చెరకు నరికేవాళ్ళకీ ఇదే తీరు జబ్బు ఉంది. కూలీల ఒళ్ళనే వెతుక్కుంటూ వచ్చే జబ్బు.

అలాంటి చోట, అలాంటి మనుషులకి నేను మునగాకు రసం చెప్పాను.

ఇప్పుడు నేను నేర్చుకున్నది రాస్తాను. నెఫ్రాలజీ చదివిన ఒక మిత్రుడి దగ్గర రెండు ఆదివారాలు కూర్చుని, స్కూలు పిల్లాడిలా నోట్సు రాసుకున్నాను.

మునగాకు మంచిదే. అది మంచిదవడానికి ఒక కారణం దాన్లో పొటాషియం దండిగా ఉండటం. వంద గ్రాముల పచ్చి ఆకులో మూడొందల మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. ఎండబెట్టి పొడి కొడితే నీరు పోయి అదే గ్రాముకి ఇంకా ఎన్నో రెట్లు. కొబ్బరి నీళ్ళలో వంద మిల్లీలీటర్లకి సుమారు రెండొందల నుంచి రెండొందల యాభై. మంచి కిడ్నీలున్న మనిషి ఇవి తీసుకుంటే, ఒంటికి కావలసింది ఉంచుకుని మిగతాది ఒంటేలులో పోతుంది. కిడ్నీలు పోయిన మనిషిలో అది పోయే దారి లేదు. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 దాకా ఉండాలి. ఆరున్నర దాటితే గుండె కొట్టుకునే తాళమే తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. ముందుగా హెచ్చరిక ఏమీ ఉండకపోవచ్చు. మనిషి మామూలుగానే కూర్చుని ఉంటాడు.

అంటే మా అమ్మమ్మకి బలమైన గ్లాసే ఆ కుర్రాడి నాన్నకి విషం. గ్లాసు మారలేదు, ఒళ్ళు మారింది. ఈ చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? నేను రాసింది మా అమ్మమ్మ గురించి కాదు కాబట్టి. అమ్మమ్మని అడ్డం పెట్టుకుని ఒక వాదం గెలవాలని రాశాను. నిజం చెప్పాలంటే అమ్మమ్మ ఆస్పత్రి మొహం చూడకపోవడం ఆమె ఆరోగ్యానికి గుర్తు కూడా కాదు. ఆస్పత్రి దూరం, చేతిలో డబ్బుల్లేవు, కూలి పోతుంది. ఆమె ఆరుగురిని కని ముగ్గురిని పెంచింది. పోయిన ముగ్గురికీ పెరటి వైద్యమే జరిగింది. ఈ వాక్యం ఆ పోస్టులో లేదు. అమ్మ ఇది నాకు చిన్నప్పుడే చెప్పింది. తెలిసే వదిలేశాను.

ఇక్కడొక పక్కమాట. ఈమధ్య మన పిల్లల్లో "పూర్వీకుల జ్ఞానం" అనే మాట బాగా తిరుగుతోంది. అగ్రహారం వాళ్ళు అంటే మనకి నవ్వొస్తుంది, అదే మాట వాడలోంచి వస్తే చప్పట్లు కొడతాం. నేనూ కొట్టించుకున్నాను. అంబేద్కర్ మనకి నేర్పింది పాతదని దేన్నీ నెత్తిన పెట్టుకోవద్దని కదా, అది మన పాతదైనా సరే.

తండాల్లో, వాడల్లో నేను చూసిన టానిక్కుల సంగతి కూడా చెప్పాలి. తిరువూరు సంతకి వెళ్ళినప్పుడల్లా కనబడతాయి. మైకు పెట్టిన వ్యాను, నల్లటి సీసాలు, "రక్తశుద్ధి", "కిడ్నీలు కడిగే కషాయం", "నలభై రోజుల కోర్సు". సీసా మీద ఏ ఆకు ఎంతో ఉండదు. కొన్న ఇంట్లో అడిగితే, "చెట్ల మందేగా సారూ, పనిచెయ్యకపోయినా చెడు చెయ్యదుగా" అంటారు.

చెడు చేస్తుంది. బెల్జియంలో 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లోని ఒక క్లినిక్ బరువు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు ఇచ్చింది. ఒక మూలిక బదులు ఇంకొకటి కలిసింది, ఆ రెండోది అరిస్టొలోకియా జాతి మొక్క. వందమందికి పైగా ఆడవాళ్ళ కిడ్నీలు దెబ్బతిన్నాయి. 1993లో అక్కడి డాక్టర్లు దీన్ని బయటపెట్టారు. తర్వాత చాలామందికి మూత్రనాళాల కేన్సరు కూడా వచ్చింది. అదే జాతి మొక్క మన దగ్గరా ఉంది, నల్లేశ్వరి. పాము కరిచిందంటే ఈశ్వరి వేరు నూరి పట్టించడం మా ఊళ్ళో నేను కళ్ళారా చూశాను.

దీనికంటే నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన కథ ఇంకొకటుంది. సెర్బియా, బోస్నియా, క్రొయేషియా, బల్గేరియా, రుమేనియాల్లో డాన్యూబ్ ఉపనదుల పక్కనున్న పల్లెల్లో రైతు కుటుంబాలకి కిడ్నీలు పోయే జబ్బు 1950ల నుంచి లెక్కలోకి వచ్చింది. నీళ్ళన్నారు, బూజన్నారు, లోహాలన్నారు. యాభై ఏళ్ళ తర్వాత ఎక్కువమంది ఒప్పుకున్న కారణం ఇదీ: గోధుమ చేలల్లో కలుపుగా పెరిగే అరిస్టొలోకియా గింజలు పంటతో పాటు పిండిలో కలిసి, రొట్టెలో కలిసి, ఏళ్ళ తరబడి కడుపులోకి పోయాయి. ఇంట్లో కాల్చుకున్న రొట్టె! దానికంటే సహజమైన తిండి ఏముంటుంది? మా మండలంలో కారణం ఇదే అనడం లేదు, దయచేసి అలా పంచుకోవద్దు. అక్కడ కనుక్కోవడానికి యాభై ఏళ్ళు పట్టిందని, అన్నాళ్ళూ ఎవరో ఒకరు వెతుకుతూనే ఉన్నారని చెబుతున్నా.

భస్మాల సంగతి వేరు. 2004లో అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులు పరీక్షిస్తే 14 వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికింది. అవి లేబుళ్ళు అంటించి అమ్మినవి. సంతలో సీసాకి లేబులే లేదు.

అయితే జనం వ్యాను దగ్గరికి ఎందుకు పోతారు? బుద్ధిలేక కాదు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, రానూపోనూ బస్సు, తోడు ఒక మనిషి కూలి మానుకోవాలి. ప్రభుత్వం డయాలసిస్ వాళ్ళకి నెలకి 10,000 పింఛను ఇస్తోంది, మంచిదే, నెల గడుస్తుంది. కానీ డాక్టరు వాళ్ళతో మాట్లాడేది రెండు నిమిషాలు. వ్యానువాడు అరగంట మాట్లాడతాడు. "అమ్మా" అంటాడు. తగ్గుతుంది అంటాడు. తగ్గదు అని చెప్పేవాడి దగ్గరికి మళ్ళీ మళ్ళీ పోవడం ఎంత కష్టమో మనకి తెలియదు.

నొప్పిబిళ్ళల సంగతీ అంతే. మిరపకోతల్లో నడుం వంచి పనిచేసే ఆడవాళ్ళు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి డైక్లోఫెనాక్ వేసుకుంటారు. కొట్లో చాక్లెట్టు అడిగినట్టు అడుగుతారు. ఆ జాతి బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే కిడ్నీలకి దెబ్బే, అందులోనూ ఎండలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇంకా ఎక్కువ. మా అమ్మ కూడా పదిహేనేళ్ళు మింగింది. పోయినేడు పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.6. ఆ రిపోర్టు చూసి నేను భయపడ్డాను, అమ్మ భయపడలేదు. "పనిలోకి పోవాలంటే ఇంకేం మింగమంటావురా నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు నా ఫీజులు కట్టింది ఆ బిళ్ళలే.

ఇంత రాశానని, మన తిండిని వదిలేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఈ పోస్టు పట్టుకుని "చూశారా, వాళ్ళే ఒప్పుకున్నారు" అని తిరిగేవాళ్ళకి కూడా రెండు మాటలు ఉన్నాయి.

1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చేదాకా మా వాడలో అన్నం పండగ తిండి. జొన్న గటక, రాగి జావ, గంజి, వీటితోనే బతుకు. జావ తాగేవాళ్ళని చూసి మూతి తిప్పిన ఇళ్ళే ఇప్పుడు రాగిపిండి పొట్లం కొని, ఫొటో తీసి పెడుతున్నాయి. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమంది. సంతోషం. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నమాట నిజమే, అప్పుడూ ఉంది. కానీ "సహజ ఆహారం" అని వేసే ఆ జాబితాల్లో ఎక్కడైనా మా పెద్దకూర చూశారా? ఎండబెట్టిన తునకలు? నల్ల? బోటి? మెత్తళ్ళు? రక్తంలోనూ కార్జంలోనూ ఉండే ఇనుము ఆకుకూరల్లోని ఇనుముకంటే ఒంటికి బాగా పడుతుందని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. రక్తహీనతకి ఖర్జూరం, బెల్లం, దానిమ్మ అని గోడమీద బొమ్మలు వేస్తారు. మేక కార్జం బొమ్మ నేనింతవరకూ ఏ అంగన్‌వాడీ గోడమీదా చూడలేదు. 2012 ఏప్రిల్లో ఉస్మానియాలో పెద్దకూర పండగ చేసినప్పుడు ఎంత గొడవైందో చూసినవాణ్ణి నేను. ఆ కూర బలమైన తిండి అనడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు, అది హక్కా కాదా అన్నదాని మీదే రాత్రంతా గడిచింది.

ఈ కులం డయాలసిస్ బెడ్ దాకా వస్తుంది. నా మిత్రుడు చెప్పేదాకా నాకిది తెలియదు. కిడ్నీ జబ్బు ముదిరి ఇంకా డయాలసిస్ మొదలవ్వని మనిషికి మాంసకృత్తులు తగ్గించమంటారు. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. రక్తం కడిగే ప్రతిసారీ కొంత పోతుంది కాబట్టి కిలో బరువుకి రోజుకి ఒక గ్రాము, ఇంకా పైన తినాలి. యాభై కిలోల మనిషికి యాభై, అరవై గ్రాములు. మన ఊళ్ళలో చౌకగా అది దొరికేది గుడ్డులోనూ పెద్దకూరలోనూ. మా బంధువొకాయనకి ఒక ఆస్పత్రిలో ఇచ్చిన కాయితం నేను చూశాను. పనీరు, సోయా, గుడ్డు తెల్లసొన, "చేప కొద్దిగా" అని ఉంది. ఆయన భార్య, మా అత్త, "అమ్మా, పెద్దకూర పెట్టొచ్చా" అని అడిగింది. కాయితం ఇచ్చినామె తల ఎత్తలేదు. "అవన్నీ వద్దు" అంది. అవన్నీ అంటే ఏవన్నీ? అందులో భాస్వరం ఎక్కువని చెప్పి ఉంటే సరే, అర్థం చేసుకునేవాళ్ళం. ముక్కలు చిన్నగా కోసి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, ఉప్పు తగ్గించి వండుకుంటే ఎంత తినొచ్చో చెప్పి ఉంటే రాసుకునేవాళ్ళం. మా అత్త పనీరు ఎప్పుడూ కొనలేదు. మామయ్య ఆర్నెల్లు అన్నం, పలచటి పప్పు తిని చిక్కిపోయాడు.

అందుకని తిండి గురించి రాయడం మానను. రాసేదాంట్లో ఎవరికి అన్నది కూడా రాస్తాను. నా మిత్రుడు ఒప్పుకున్నవి కొన్ని ఇక్కడ పెడుతున్నా. నలభై దాటిన కూలి మనిషి మీ ఇంట్లో ఉంటే, ఏ రసం మొదలుపెట్టేముందైనా క్రియాటినిన్ పరీక్ష, ఒంటేలు పరీక్ష చేయించండి. కిడ్నీ జబ్బు ఉందని తేలితే ఆకు రసాలు, ఆకు పొడులు, కొబ్బరినీళ్ళు డాక్టర్ని అడక్కుండా వద్దు. ఆకుకూర తినాలనిపిస్తే బోలెడు నీళ్ళలో ఉడకబెట్టి ఆ నీళ్ళు వార్చి పారబోయాలి, అప్పుడు పొటాషియం కొంత తగ్గుతుంది, అదీ కొలతగానే. "బీపీ వాళ్ళకి మంచిది" అని అమ్మే తక్కువ సోడియం ఉప్పు మీద చిన్నక్షరాలు చదవండి, సోడియం తీసి పొటాషియం కలుపుతారు. దాని గురించి చెప్పేవాళ్ళు తక్కువ. ఏ సీసా తాగుతున్నా ఆ సీసా డాక్టరుకి చూపించండి, తిడతాడని దాచొద్దు. ఆ కుర్రాడు ఫోను తీసి చూపించబట్టే కారణం అయిదు నిమిషాల్లో దొరికింది.

పాత పోస్టు తీసెయ్యలేదు. తీసేస్తే తప్పు దాచినట్టవుతుంది, ఇప్పటికే వందల గోడల మీద ఉంది. పైన నాలుగు వాక్యాలు చేర్చాను, కింద దీని లింకు పెడతాను. అది పంచుకున్నవాళ్ళు దీన్ని కూడా అంతే పంచుకోండి. ఇది అంత అందంగా లేదని నాకు తెలుసు.

పోయిన ఆదివారం తండాకి వెళ్ళాను. వాళ్ళ నాన్న మంచం మీద కూర్చుని ఉన్నారు. ఎడమచేతి మీద డయాలసిస్ కోసం చేసిన ఆపరేషన్ గాటు. నన్ను చూసి లేవబోయారు, వద్దన్నాను. క్షమాపణ చెప్పాలని దారంతా మాటలు పేర్చుకుంటూ వెళ్ళాను. చెప్పాను. ఆయన కాసేపు విని, "మావాడికి ఉద్యోగం వచ్చేలా చూడు సారూ" అన్నారు. అంతే. ఆ విషయం అక్కడితో పక్కకి పోయింది.

వస్తుంటే వాళ్ళమ్మ గడప దాకా వచ్చింది. మేకని కోసినప్పుడు రక్తంతో వండే సల్లోయి అంటే ఆయనకి ప్రాణమట. ఏడాదిగా పెట్టలేదు, మొన్న పక్కింట్లో వండితే వాసనకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. "కొంచెం పెట్టొచ్చా సారూ? నువ్వు చదువుకున్నావుగా."

ఈసారి జవాబు చెప్పలేదు. కనుక్కుని చెబుతానన్నాను. రోడ్డెక్కాక డాక్టరు మిత్రుడికి ఫోన్ చేశాను. "సల్లోయా? అదేంటి?" అన్నాడు. పదిహేనేళ్ళుగా ఇక్కడి రోగుల్నే చూస్తున్నాడు. వివరించాను. అంతా విని, "దాంట్లో ఉప్పు ఎంత వేస్తారు, రక్తం ఎంత, ముక్క ఎంత, వండే పద్ధతేంటి? ఆమెనడిగి రాసుకునిరా, ఆయన లేటెస్టు రిపోర్టు కూడా పట్టుకురా, చూద్దాం" అన్నాడు.

వచ్చే ఆదివారం నోటుబుక్కు పట్టుకుని మళ్ళీ వెళ్తున్నా. బాలింత కాయం ఆ తర్వాత.